నాయనమ్మ అడ్డచుట్ట

ఈ రోజు పొద్దున దీపం పెట్టి, మణికొండలో మా అబ్బాయి గది సర్దుతుంటే బల్ల మీద కొత్త చెక్కపెట్టె కనబడింది. స్నేహితుడు విదేశం నుంచి తెచ్చిన ఖరీదైన సిగార్లట. మూత తీయగానే పొగాకు వాసన గదంతా నిండింది.

"మూసెయ్యమ్మా, తేమ పోతే పాడైపోతాయి," అన్నాడు అబ్బాయి బూట్లు వేసుకుంటూ.

ఆ సంగతి నాకు చిన్నప్పుడే తెలుసు. శ్రీకాకుళం వైపు మా ఊళ్ళో నాయనమ్మ చుట్టల్ని తడిగుడ్డలో చుట్టి మట్టికుండలో దాచేది. వాటిలో మంచిది ఏరడం నా పని.

"సెవికాడెట్టి నలిపి సూడే. గలగలమంటే ఎండిపోనాదన్నమాట," అనేది.

మీకు గుర్తుందా, మన వైపు ఆడవాళ్ళు నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని అడ్డచుట్ట తాగేవారు. అలా పెట్టుకునే ముందు నాయనమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకునేది.

"ఇప్పుడు సెప్పే, బడిలో ఏటి సేసినావో. నోట్లో నిప్పెట్టుకుని తిట్టనేను గదా," అని నవ్వేది.

చుట్ట అయిపోయేదాకా నేను చెబుతూనే ఉండేదాన్ని. ఆ తర్వాత నా మాటలు అంతసేపు విన్నవాళ్ళు లేరు.

ఇదంతా అబ్బాయికి చెప్పబోయాను. "సాయంత్రం చెప్పమ్మా, క్యాబ్ వచ్చేసింది," అని లిఫ్ట్ ఎక్కేశాడు. మంచివాడే, కానీ సాయంత్రానికి బాగా అలసిపోయి వస్తాడు. అందుకే మీకు రాస్తున్నాను.

మీ ఇంట్లోనూ అడ్డచుట్ట తాగిన పెద్దవాళ్ళుంటే ఆ కబుర్లు కింద రాయండి. రెండు ముక్కలైనా చాలు. నేను ఇంట్లోనే ఉంటాను.