బోర్లాపడని పిల్ల బుగ్గ మీద మచ్చ

పెంటపాడు దగ్గర ఒక ఊళ్లో ఏఎన్‌ఎమ్‌గా చేస్తున్నప్పటి సంగతి ఇది. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

రెండున్నర నెలల టీకాకు ఒక పాపను తెచ్చారు. బుగ్గ మీద కమిలిన మచ్చ. చెవి వెనక ఇంకొకటి. బోర్లా కూడా పడని పిల్ల, తనంతట తాను ఎక్కడ తగిలించుకుంటుంది? అంత పసికందుకు చిన్న మచ్చ కనిపించినా వదలొద్దని, అదే రోజు డాక్టరుకు చూపించి పైవాళ్లకు చెప్పమని ట్రైనింగులో చిలక్కి చెప్పినట్టు చెప్పారు.

తల్లి తలెత్తలేదు. నాయనమ్మే అందుకుంది. నీళ్లు పోసే ఆవిడ చెయ్యి మోటని, ఎంత చెప్పినా వినదని అంది.

మా వైపు పసిపిల్లలకు ఒక పెద్దావిడ రోజూ వచ్చి, చాపిన కాళ్ల మీద పడుకోబెట్టుకుని, నూనె రాసి నీళ్లు పోస్తుంది. పిల్లకు ఏమైనా ముందు ఆవిడనే అంటారు. నేనూ ఆ మాటే పట్టుకున్నాను, డాక్టరుకు చూపించలేదు, పైకీ చెప్పలేదు. నమ్మానా? లేదు. ఆ ఇంట్లో ఎన్నోసార్లు కాఫీ తాగాను. మర్యాదస్థులు, నన్ను "మేడం గారూ" అని పిలిచేవాళ్లు. వాళ్లింట్లో అలాంటివి జరగవనుకోవడం నాకు సుఖంగా ఉంది.

నా బుద్ధి గడ్డి తినబట్టి, ఆ నీళ్లు పోసే ఆవిడను పిలిపించి నలుగురిలో చీవాట్లు పెట్టాను. తను ఒళ్లో వేసుకునేటప్పటికే మచ్చలు ఉంటున్నాయని ఆవిడ నెమ్మదిగా చెప్పబోయింది. నోరు మూసుకోమన్నాను. మర్నాటి నుంచి వాళ్లు ఆవిడను మానిపించారు. అది చూసి మిగతా ఇళ్లవాళ్లూ వద్దన్నారు. ఆవిడ కొల్లేటికోటలో కూతురింటికి వెళ్లిపోయింది.

మూడు వారాలకు పాప కాలు కదపడం లేదని ఏలూరు తీసుకెళ్లారు. తొడ ఎముక విరిగింది. పక్కటెముకలు అంతకుముందే విరిగి అతుక్కుంటున్నాయట. ఏడుపు ఆపడం లేదని తండ్రే చేశాడని తల్లి అక్కడ డాక్టరుకు చెప్పింది. పాప బతికింది. అమ్మమ్మగారింట్లో పెరుగుతోంది, కాస్త కుంటుతూ.

ఆ కబురు తెలిశాక కొల్లేటికోట వెళ్లాను. ఆవిడ అరుగు మీద చాప వేసి కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది. అనవసరంగా నిన్ను తిట్టాను, క్షమించమన్నాను.

"నన్నన్నారని కాదండీ," అంది ఆవిడ. "ఆ పిల్ల ఒళ్లు రోజూ చూసే బయటి మనిషిని నేనొక్కదాన్నేనండీ. నన్ను తీయించేశారు. మరి మీరైనా వెళ్లి చూశారాండీ?"

వెళ్లలేదు. ఆ మూడు వారాల్లో ఒక్కసారి కూడా వెళ్లలేదు.