కొండమీది ద్రాక్ష, సిస్టర్ నాలుక

మొన్న ఒమాన్‌లోని సీబ్‌లో మా వీధి చివరి పళ్ల దుకాణంలో నల్లద్రాక్ష పెట్టె విప్పారు. మూత లేవగానే తీపీ పులుపూ కలిసిన వాసన గుప్పుమని తగిలి నా కాళ్లు ఆగిపోయాయి. దుకాణదారు ఒక పండు చేతిలో పెట్టి రుచి చూడమన్నాడు. నేను ముందు సీసాలోని నీళ్లతో నోరు పుక్కిలించాను. పక్కకు వెళ్లి ఉమ్మి వచ్చాను. అప్పుడు పండు నోట్లో వేసుకుని కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి అతను కుర్చీ తెచ్చి నా వెనక పెట్టి, "తబియత్ ఠీక్ హై సాబ్?" అంటున్నాడు. ఒంట్లో బాగానే ఉంది. ఇది సిస్టర్ రత్నకుమారి గారు నాకు నేర్పిన పద్ధతి. ఆవిడెవరో అతనికి చెప్పలేకపోయాను కనుక ఇక్కడ చెబుతున్నాను.

నాది జగిత్యాల దగ్గర పల్లె. తొమ్మిదో తరగతితో బడి మానేసి కూలికని ఒమాన్ వచ్చాను. గోడకు ఎన్ని ఇటుకలు, స్లాబుకు ఎంత సిమెంటు అని సైట్‌లో చూసి చూసి లెక్క నేర్చుకున్నాను. ఇప్పుడు రుసైల్‌లో ఒక కంపెనీలో అంచనాలు వేయడమే నా డ్యూటీ. సిస్టర్‌ది కాకినాడ. సీబ్‌లో ఒక ఆసుపత్రిలో హెడ్ నర్సు. సైట్‌లో కాలు విరిగి నేను అక్కడ చేరిన రోజున సెలైన్ బొట్లు లెక్కపెట్టి, సీసా ఎప్పటికి అయిపోతుందో ఆవిడకు చెప్పాను.

"అయిపోతే ఇంకోటి పెడతాను. చలి వేస్తుందా?" అన్నారు.

"రూమ్ ఇరవై రెండు డిగ్రీలున్నది సిస్టర్."

"గదిని అడగలేదు అబ్బాయ్, నిన్ను అడిగాను."

నేను మళ్లీ గోడ వైపు చూశాను. అప్పటికి నాకు నలభై దాటాయి. చలి వేస్తోందో లేదో తెలియాలంటే గోడ మీది అంకె చూడవలసి వచ్చింది. ఆవిడ దుప్పటి కప్పి, "పాపం, లోపల మనిషి ఉన్నాడో లేడో" అని పక్క నర్సుతో అంటూ వెళ్లిపోయారు.

కాలు అతికాక నాకు కంపెనీ బండి ఉందని ఆవిడకు తెలిసింది. జబల్ అఖ్దర్ కొండ ఎక్కాలంటే నాలుగు చక్రాలూ లాగే బండి ఉండాలి. లేకపోతే కింద చెక్‌పోస్టు పోలీసులు వదలరు. సిస్టర్‌కు నా మీద కలిగిన వాత్సల్యంలో ఆ బండి వాటా ఎంతో నేను అంచనా వేయగలను కానీ వేయలేదు. ఆవిడకు కొండతో పని ఏమిటంటే, ఇక్కడి తెలుగు క్రైస్తవ సంఘంలో రొట్టే రసమూ పంచే ప్రభువు బల్లకు కావలసిన ద్రాక్షరసం ఏళ్ల తరబడి ఆవిడే కాచేవారు. మత్తు ఉండకూడదు, పులియకూడదు. పండు మాత్రం కొండమీదిదే కావాలి. కింద మస్కట్ పెనంలా కాలే రోజుల్లో కూడా అక్కడ చల్లగాలి వీస్తుంది. ఆ చలికి నిదానంగా పండిన ద్రాక్షకే రుచి ఉంటుందని ఆవిడ నమ్మకం.

ఆ ఏడు ఆవిడకు ఒక చిక్కు వచ్చిపడింది. అంతకు ముందు ఏడు ఒక సీసా పులిసింది. బల్ల దగ్గర ఒక పెద్దాయన బుగ్గలు ఎర్రబడ్డాయనీ, ఎవరూ అడగకుండానే కీర్తన రెండోసారి ఎత్తుకున్నాడనీ గుసగుసలు పుట్టాయి. ఈసారి సంఘ పెద్దలు ముందుగా రుచి చూస్తారు, బాగా లేకపోతే ఇక దుకాణంలో దొరికే డబ్బా రసమే అని పాస్టరు గారు తేల్చేశారు.

"చేతకాక మానేస్తే అదో తీరు. నా రసం పనికిరాదని మాన్పిస్తే నేను ఆ గుమ్మం ఎలా ఎక్కుతాను?" అన్నారు సిస్టర్ బండిలో. "నువ్వు కూడా రుచి చూడాలి. మా బల్ల దగ్గరికి రావు కాబట్టి నీకు మొహమాటం ఉండదు."

సాలిం అనే ముసలి రైతు తోట కొండవాలు మీద మెట్లు మెట్లుగా ఉంటుంది. ద్రాక్ష పందిళ్ల కింద సన్నటి కాలువ పారుతుంది. సిస్టర్ ఒక్కో మెట్టు దగ్గరా ఆగి, కాలువ నీళ్లతో నోరు పుక్కిలించి, ఎండు రొట్టె ముక్క నమిలి, ఒక్క పండు నోట్లో వేసుకునేవారు. సాలిం చేతులు కట్టుకుని, "అంగూర్ భీ మేరా, ఇమ్తిహాన్ భీ మేరా" అని గొణిగేవాడు. పండూ తనదే, పరీక్షా తనకే అని అతని బాధ. నేను తీపి కొలిచే చిన్న గొట్టం ఒకటి కొని తెచ్చాను. దాని అద్దం మీద రసం చుక్క వేసి వెలుతురుకు పెట్టి చూస్తే అంకె కనబడుతుంది.

"ఏం తెలిసింది?" అన్నారు సిస్టర్.

"పద్దెనిమిది."

"పద్దెనిమిది ఏంటి?"

"తీపి సిస్టర్. కింది మెట్టుది ఇరవై ఒకటి. గదే తీసుకుందాం."

"పద్దెనిమిది నీ నాలుక మీద ఎక్కడ కూర్చుంది? ఆ గొట్టం జేబులో పెట్టి నోరు తెరువు."

కళ్లు మూసుకుని నమిలాను. ఇంకో పండు అడిగి తీసుకున్నాను. ఆఖరికి, "ముందుగాల తీపి. ఎనుక గోలీసోడా తీరు సురుక్కుమన్నది. ఆఖరుకు జామాకు నమిలినట్టున్నది" అన్నాను.

సిస్టర్ సాలిం వైపు తిరిగి, "మాట్లాడాడయ్యా!" అన్నారు, ఏదో మూగవాడికి మాట వచ్చినట్టు. అతనికి తెలుగు రాకపోయినా చప్పట్లు కొట్టాడు.

నేను నమిలిన ఆ పై మెట్టు పండే కోయించి, సాలిం పెరట్లోనే పెద్ద గిన్నెలో కాచి, గుడ్డలో వడకట్టి వేడివేడిగా సీసాలకు నింపాం. పేర్ల చీటీలు అంటిద్దామన్నాను. "నాలుక ఉండగా కాయితం ఎందుకు?" అన్నారు. సాలిం తన ఇంట్లో చేసిన ద్రాక్ష సిర్కా, అంటే వెనిగర్, చేపల కూరలోకని ఒక సీసాడు ఇచ్చాడు. అదీ అలాంటి సీసాయే, అదే రంగు. "మూల సీసా సిర్కా, గుర్తుంచుకో" అని దాన్ని పెట్టెలో ఒక మూలన పెట్టారు సిస్టర్. కింద చెక్‌పోస్టులో పోలీసు పెట్టె విప్పించి, ఒక్కో సీసా తీసి చూసి, మహా మర్యాదగా మళ్లీ సర్దాడు. పెట్టెకు నాలుగు మూలలుంటాయని అప్పుడు మా ఇద్దరికీ తట్టలేదు.

శుక్రవారం ఆరాధన అయ్యాక పక్క గదిలో పరీక్ష పెట్టారు. కాలువ నీళ్లు పుక్కిలించిన పుణ్యాన సిస్టర్‌కు జలుబు చేసి ముక్కు పూర్తిగా మూసుకుపోయింది. ఒక సీసా తీసి తానే చిన్న చిన్న గ్లాసుల్లో పోశారు. పాస్టరు గారు ప్రార్థన చేశారు. పెద్దలందరూ ఒక్కసారే తాగారు.

పాస్టరు గారి కళ్లలో నీళ్లు తిరిగాయి. "చాలా... గాఢంగా ఉంది సిస్టర్" అన్నారు.

"కొండగాలి తెలుస్తోందండీ" అన్నాడు ఒకాయన, గొంతు పట్టుకుని.

"పోయినేడు కంటే భక్తిగా ఉంది" అన్నాడు కీర్తన పెద్దాయన.

సిస్టర్ ముఖం వెలిగిపోయింది. "మరి డబ్బా రసం మాట?" అన్నారు. ఇక ఆ మాటే వద్దన్నారు పాస్టరు గారు. అంతటితో ఊరుకుంటే సరిపోయేది. ఆవిడ నా వైపు ఒక గ్లాసు జరిపి, "గంగాధర్, నువ్వు చెప్పు" అన్నారు.

వాసనకే తెలిసిపోయింది. అయినా తాగాను. గదిలో అందరూ నన్నే చూస్తున్నారు. బాగుందంటే ఆవిడ పని ఆవిడకే ఉంటుంది, ఇంటికి పోవచ్చు. కానీ ఎర్రబడ్డ ముక్కుతో ఆవిడ నా నోటి వంకే చూస్తున్నారు.

"సిస్టర్, గిది సిర్కా. సాలిం ఇచ్చిన సీసా."

సిస్టర్ తన గ్లాసులో నాలుక ముంచారు. ముఖం ముడతలు పడింది. మెల్లగా పెద్దల వైపు తిరిగి, "మీకెవరికీ తెలియలేదా?" అన్నారు.

"తెలిసిందమ్మా. మీ మనసు నొప్పించలేక..." అన్నారు పాస్టరు గారు.

"నా మనసు కోసం సంఘమంతటి చేతా సిర్కా తాగిస్తారా? ఈ నాలుకలా నా రసానికి తీర్పు చెప్పేది?" అన్నారు ఆవిడ. అంటూండగానే నవ్వు ఆగక కుర్చీలో కూలబడ్డారు. పాస్టరు గారు ఆవిడ నవ్వు ఆగేదాకా చూసి, తర్వాత తనూ నవ్వారు.

రెండో సీసా నన్ను తెరవమన్నారు. అది అసలు రసమే. ఈసారి అందరూ గ్లాసును ముందు వాసన చూసి, భయం భయంగా తాగారు. వెంటనే ఎవరూ పొగడలేదు. కీర్తన పెద్దాయన ఇంకో గుటక వేసి, "తీపి కొంచెం తక్కువైంది సిస్టర్. పులుపు మాత్రం హాయిగా ఉంది" అన్నాడు.

"అదిగో! ఇప్పుడు మనిషిలా చెప్పారు" అన్నారు సిస్టర్. ఉద్యోగం విరమించి కాకినాడ వెళ్లేదాకా రసం ఆవిడే కాచారు. సీసాలకు చీటీలు అంటించాలన్నది పాస్టరు గారు పెట్టిన ఒకే ఒక్క షరతు. ఆ చీటీలు ఆవిడ నా చేత రాయించారు.

ఒకప్పుడు సెలవు మీద ఊరికి పోయినప్పుడు నా భార్య లక్ష్మి పచ్చిపులుసు పోసి ఎట్లున్నదని అడిగితే, కంచం వైపు చూడకుండానే మంచిగున్నదనేవాణ్ణి. ఇప్పుడు ఒక గుటక మింగి, కాసేపాగి, "ఉప్పు సరిపోయింది, ఉల్లిగడ్డ ఎనుకబడ్డది" అంటాను. "ఆ సిస్టర్ ఎవలో గని నా సంసారంల నిప్పులు పోసింది" అని లక్ష్మి గరిటె విసురుతుంది. అయినా మర్నాడు మళ్లీ వడ్డించి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ నా ముఖం వంకే చూస్తూ నిలబడుతుంది. మంచిగున్నదంటే ఇప్పుడు నమ్ముతుంది.