గిట్టల వేడి

ఇప్పుడు ఎక్కడ గుర్రం కనబడ్డా నేను ముందు దాని కాళ్ళ దగ్గర కూర్చుంటాను. ముఖం చూడటం, మెడ నిమరడం తర్వాత. మొన్న చామోర్షి బజారులో ఎవరిదో పెళ్ళిగుర్రం నిలబడి ఉంటే, పట్టుచీర కట్టుకున్నదాన్ని అట్లాగే రోడ్డు మీద గొంతుక్కూర్చుని దాని గిట్టలు నాలుగూ తడిమి చూశాను. దాని యజమాని పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. చూడనీ. ఆ బుద్ధి నాకు ముందే ఉంటే మా తెల్లది ఇవాళ్టికీ ఉండేది.

సిరొంచలో నాకు పేరు వచ్చిందంటే అది నా చేతుల వల్లే. ప్రాణహిత ఏరవతల నుంచి కోడలిగా వచ్చిన మొదటి ఏడే మా అత్త నా చేతికి నూనె గిన్నె ఇచ్చింది. పసిపిల్లల ఒళ్ళు సాగదీయడం, బాలింతల నడుము పట్టడం, ముసలివాళ్ళ మోకాళ్ళకు ఉప్పు మూటతో కాపడం పెట్టడం, అన్నీ ఆమె దగ్గరే నేర్చుకున్నాను. ఆమె పోయాక వాడలో ఎవరికి పురుడు వచ్చినా నాకే కబురు. "నీ చేతిల ఏదో ఉన్నది వదినా" అనేవాళ్ళు. వాళ్ళు అనగా అనగా నేనూ నమ్మేశాను.

మాది పెళ్ళి సామాన్ల దుకాణం. షామియానాలు, కుర్చీలు, వంట గిన్నెలు. పెళ్ళికొడుకులకు గుర్రం మీద బరాత్ మోజు మళ్ళీ పెరిగాక మా ఆయన చంద్రపూర్ వైపు నుంచి ఒక తెల్ల ఆడగుర్రాన్ని తెచ్చాడు. పేరేమీ పెట్టలేదు, తెల్లది అనేవాళ్ళం. టెంపో దిగినప్పుడు దగ్గరికి పోయి చూశాను. జీను ఒరుసుకుపోయి వీపు మీద రెండు చోట్ల పుండ్లు. ఎవరు చెయ్యి వేయబోయినా చెవులు వెనక్కి పెట్టి పళ్ళు చూపేది.

"పొగరుమోతుది లెక్కున్నది" అన్నాడు మా ఆయన.

"మీ వీపు గట్ల ఒరుసుకపోతే మీరు నవ్వుకుంట నిలబడుతరా?" అన్నాను.

వేపాకు నీళ్ళతో కడిగి, పసుపు పెట్టి పుండ్లు మాన్పాను. తర్వాత మాలిష్ మొదలుపెట్టాను, పసిపిల్లకు ఎట్లా చేస్తామో అట్లాగే. ముందు భుజం మీద అరచెయ్యి ఊరికే ఆనించి ఉంచాలి. రుద్దకూడదు. మన చేతి వేడి దాని ఒంటికి తెలిసేదాకా ఆగాలి. అప్పుడు మెడ నుంచి భుజం దాకా, ఆ తర్వాత వెన్నుకు అటూ ఇటూ, వేళ్ళ మొదళ్ళతో మెల్లగా. జీను ఒత్తిన చోట కండ గులకరాళ్ళలా గట్టిపడి ఉండేది. అక్కడ తాకితే చర్మం జలదరించేది. చెయ్యి తీసేసి, కాసేపాగి, మళ్ళీ పక్క నుంచి దగ్గరికి పోయేదాన్ని. ఎన్ని వారాలు పట్టిందో గుర్తు లేదు గాని ఆ గులకరాళ్ళు కరిగాయి. ఒకరోజు తెల్లది కింది పెదవి వదులుగా వేలాడేసి, కళ్ళు సగం మూసి, పెద్ద నిట్టూర్పు విడిచి, తల తెచ్చి నా భుజం మీద పెట్టింది. అబ్బ, ఎంత బరువో! నాకు ఏడుపు ఆగలేదు. నా సొంత పిల్లలు మొదటిసారి నవ్వినప్పుడు కూడా నేను అంత ఏడవలేదు.

ఆ తర్వాత దానికి అన్నీ నేనే. పాత నూలు చీరలు మడతలు పెట్టి జీను కిందికి మెత్తటి బొంత కుట్టాను. డీజే మోతకు బెదరకుండా చెవుల్లో దూది పెట్టేదాన్ని. బరాత్ కాగానే చెమట తుడిచి, కాసేపు నెమ్మదిగా నడిపించేదాన్ని. మోకాలి వెనక రెండు వేళ్ళతో తట్టి "కాలియ్యవే" అంటే చాలు, ముందుకాలు మడిచి నా ఒళ్ళో పెట్టేది. గిట్టలో ఇరుక్కున్న రాళ్ళూ పేడా తీసి తుడిచేదాన్ని. మా ఆయన తడితే ఇచ్చేది కాదు. నాకు మాత్రమే ఇచ్చేది. అది చెప్పుకుని ఎంత మురిసిపోయేదాన్నో!

తప్పు తిండి దగ్గర మొదలైంది. మా వైపు పెళ్ళికొడుకు గుర్రమెక్కే ముందు అతని మేనత్త నానబెట్టిన శనగలు, బెల్లం పళ్ళెంలో తెచ్చి గుర్రానికి తినిపిస్తుంది. ఏటి ఒడ్డు రైతుల ఇళ్ళల్లో అయితే చాటలో కొత్త వడ్లు కూడా పెడతారు. గుర్రం ఎంత తింటే పెళ్ళికి అంత మంచిదని నమ్మకం. తెల్లదాన్ని అమ్మిన మనిషి పోతూ పోతూ, "గడ్డి ఎంతన్న పెట్టుండ్రి, గింజలు మాత్రం గుప్పెడు దాటనియ్యకుండ్రి" అని చెప్పాడు. వీపంతా పుండ్లు చేసిన మనిషి నాకు చెప్పొచ్చాడు అనుకుని ఆ మాట చెవిన పెట్టలేదు. పైగా ఇంటి దగ్గర బాలింతకు పెట్టినట్టు బెల్లం, తవుడు కలిపి ముద్దలు చేసి పెట్టేదాన్ని.

ఆ ఏడు కార్తీకంలో తులసమ్మ పెళ్ళి పండుగ కాగానే ముహూర్తాలు వరసగా వచ్చాయి. రోజు విడిచి రోజు బరాత్, రోజు విడిచి రోజు పళ్ళెం. తెల్లది నున్నగా తయారైంది. జూలు కింద మెడ మందంగా, గట్టిగా అయింది. ఆ గట్టిదనం నా వేళ్ళకు తెలిసింది కూడా. కండ పట్టిందని సంబరపడ్డాను. చూసినవాళ్ళు "మీ గుర్రం ఏం పుష్టిగున్నదక్కా!" అంటే నా కళ్ళు నెత్తికెక్కేవి.

మార్గశిరంలో ఒక పొద్దున శాలలోకి పోయేసరికి తెల్లది వింతగా నిలబడి ఉంది. ముందుకాళ్ళు బాగా ముందుకు చాచి, బరువంతా వెనక్కి వేసింది. పిలిస్తే తల తిప్పింది గాని ఒళ్ళు తిప్పలేదు. భుజాలు తడిమితే కట్టెల్లా బిగుసుకుని ఉన్నాయి. చలికి పట్టేసిందనుకున్నాను. చాలాసేపు మాలిష్ చేశాను. మెడ వదులైంది, కళ్ళు మూసింది. నా చెయ్యి మళ్ళీ గెలిచిందనుకున్నాను.

అంతటితో ఆగినా బాగుండేది. ఒకసారి పిల్లలను కమలాపూర్ ఏనుగుల క్యాంపుకు తీసుకుపోయినప్పుడు, చలికాలంలో ఏనుగుల పాదాలకు ఉడికించిన మూలికల మందు వేడివేడిగా పట్టించడం చూశాను. అంత పెద్ద ప్రాణానికి మంచిదైంది గుర్రానికి కాదా అనుకున్నాను. పెనం మీద ఉప్పు వేయించి, మూట కట్టి, కీళ్ళకూ గిట్టల చుట్టూ కాపడం పెట్టాను. తెల్లది వణికింది. "ఓర్చుకోవే తల్లీ, ఇప్పుడే తగ్గుతది" అన్నాను. ఓర్చుకుంది.

తర్వాత గిట్టలు తుడుద్దామని మోకాలి వెనక తట్టాను. "కాలియ్యవే." కుడికాలు కొంచెం లేపి వెంటనే దించేసింది. ఎడమది లేపింది, అదీ దించింది. మళ్ళీ కుడిది. ఒక కాలు ఇవ్వాలంటే ఆ బరువు రెండో కాలు మోయాలి. రెండూ మండిపోతున్నాయి. ఇవాళ చెప్పగలుగుతున్నాను గాని ఆ పొద్దున నా బుర్రకు ఎక్కలేదు. "నఖరాలు జేస్తున్నవా?" అని భుజం మీద ఒక్కటి వేశాను. మెల్లగానే వేశాను. అయినా వేశాను.

ఆ సాయంత్రం ఆష్టిలో పెళ్ళి, మా ఆయన దూరపు చుట్టాలదే. ఆయన శాల గుమ్మంలో నిలబడి చూస్తూ, "జర పరేషాన్ ఉన్నట్టున్నదే. ఇయ్యాల రాదని ఫోన్ జేస్తా. వాళ్ళే ఇంకోదాన్ని చూసుకుంటరు" అన్నాడు.

"నా చెయ్యి పడ్డంక ఆగుడేంది? జర నడిస్తే కాళ్ళు అవే సాగుతయి" అన్నాను.

ఆయన ఆపుదామన్నాడు, నేను పంపుదామన్నాను. ఇందులో ఇంకెవరి మీదా నెట్టడానికి నాకేమీ లేదు.

సిరొంచ నుంచి ఆష్టి దాకా ఆ రోడ్డు మీద మనుషులకే నడుములు విరుగుతాయి. టెంపో ప్రతి గుంతలో పడ్డప్పుడల్లా వెనక నుంచి తెల్లది గిట్టల చప్పుడు వినబడేది. నిలదొక్కుకోవడానికి కాళ్ళు మార్చుకుంటోంది. నేను ముందు సీట్లో కూర్చుని, పెళ్ళిలో కట్టుకునే చీర మడత నలగకుండా చూసుకుంటున్నాను. ఛీ, నన్ను నేను తలుచుకుంటేనే అసహ్యం వేస్తుంది.

అక్కడ దిగాక ముఖమల్ గుడ్డ కప్పి, కుచ్చులు కట్టి, తెల్లదాన్ని ముస్తాబు చేశాను. చలిలో కూడా దాని మెడ మీద చెమట. పెళ్ళికొడుకు మేనత్త పళ్ళెం తెచ్చి మూతి దగ్గర పెట్టింది. తెల్లది ముఖం తిప్పుకుంది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ తిప్పుకుంది. అంతకుముందు ఎప్పుడూ అట్లా చేయలేదు.

"ఏందమ్మా, మా పళ్ళెం మీ గుర్రం కండ్లకు ఆనుతలేదా?" అంది ఆమె. చుట్టూ ఉన్న ఆడవాళ్ళ ముఖాలు మాడిపోయాయి. ఇదేం శకునమని ఎవరో గొణిగారు. నాకు తల కొట్టేసినట్టయింది.

"ఇటియ్యి వదినా, నా చేతిల అయితే తింటది" అని పళ్ళెం తీసుకున్నాను. శనగలు, బెల్లం అరచేతిలో పోసి దాని పెదవుల దగ్గర పట్టాను. తెల్లది నన్ను చూసింది. తర్వాత నా అరచేతిలోవి ఒక్కొక్క గింజా తీసుకుని తింది. ఆకలితో తినలేదు. నేను పెట్టాను కాబట్టి తింది. అందరూ నవ్వి చప్పట్లు కొట్టారు, నేను కూడా నవ్వాను.

పెళ్ళికొడుకు ఎక్కాడు. సిమెంటు రోడ్డు మీద బరాత్ కదిలింది. కొంత దూరం పోయాక మలుపులో తిప్పబోతే తెల్లది ముందుకాళ్ళు రెండూ మడిచి మోకాళ్ళ మీద కూలింది. పెళ్ళికొడుకు దూకి పక్కకు నిలబడ్డాడు, దెబ్బేమీ తగలలేదు. నేను కళ్ళెం పట్టుకుని "లే, లేవే" అని అరుస్తూనే ఉన్నాను. డీజే ఆపలేదు. పెళ్ళికొడుకును కారెక్కించి బరాత్ ముందుకు పోయింది. రోడ్డు పక్కన మేం ఇద్దరం, తెల్లది మిగిలాం.

మా ఆయన ఫోన్ చేస్తే చామోర్షి నుంచి పశువుల డాక్టర్ బండి మీద వచ్చాడు. మరాఠీ మనిషి, మా తెలుగు బాగానే మాట్లాడతాడు, ఆడవాళ్ళందరినీ అక్కా అన్నట్టు తాయీ అంటాడు. ఆయన భుజం చూడలేదు, వీపు చూడలేదు. నేరుగా గిట్ట మీద చెయ్యి పెట్టాడు. తర్వాత నా చెయ్యి పట్టుకుని అక్కడ పెట్టించాడు.

పొయ్యి మీద నుంచి అప్పుడే దించిన గిన్నెలా ఉంది. గిట్టకు కొంచెం పైన నా వేళ్ళు పెట్టిస్తే లోపల నాడి దడదడా కొట్టుకుంటోంది. ఇన్నేళ్ళు ఆ ఒళ్ళంతా తడిమాను. గిట్టలు తుడిచాను గాని వాటి వేడి ఏనాడూ చూడలేదు.

"ఇది చలికి కండలు పట్టేసుడు కాదు తాయీ. గింజలు, బెల్లం ఎక్కువైతే గిట్ట లోపల వాపు వస్తది. లోపలి ఎముక పట్టు తప్పి కిందికి దిగుతది. నొప్పికి భుజాలు బిగవట్టుకున్నది, అంతే. పొద్దుగాల ఏం జేసిండ్రు?"

మాలిష్ చేశానని, ఉప్పు కాపడం పెట్టానని, ఏనుగులకు చేయడం చూశానని చెప్పాను. ఆయన గిట్ట మీది చెయ్యి తీసి సంచి విప్పాడు.

"ఏనుగు సంగతి వేరే. దీన్ని కదలనియ్యకుండ చల్లటి నీళ్ళల్ల నిలబెట్టాల్సి ఉండె. మీది ఏ ఊరు?"

"సిరొంచ."

"మరి ప్రాణహిత మీ ముంగటనే గదా పారేది" అన్నాడు. తిట్టడానికి అనలేదు పాపం. తిట్టినా బాగుండేది. మార్గశిరం పొద్దున మా ఏటి నీళ్ళు ఎంత చల్లగా ఉంటాయో నాకు తెలుసు. మా శాల నుంచి రేవు దాకా ఇటు పిలిస్తే అటు పలకొచ్చు.

పెళ్ళివాళ్ళ కూల్ డ్రింకుల టబ్బుల్లోంచి ఐసు తెచ్చి గిట్టల చుట్టూ కట్టాం. ఆయన సూదులు వేశాడు. తెల్లదాన్ని మళ్ళీ టెంపో ఎక్కించడానికి వీల్లేదన్నాడు. ఊరి చివర ఒక రైతు వడ్ల కొట్టం ఇస్తే అక్కడ గడ్డి మందంగా పరిచి పడుకోబెట్టాం. నేను ఇంటికి పోలేదు. ఒళ్ళు ఒరుసుకోకుండా అటూ ఇటూ తిప్పించాను, కిందికి బొంత వేశాను, పడుకుని పడుకుని బిగుసుకుపోయిన చోట్ల మాలిష్ చేశాను. చెయ్యి వేస్తే చాలు, ఇంకా అట్లాగే కళ్ళు మూసేది. దేవుడా, కోపం లేదు దానికి. కరిచినా నాకు కొంచెం ఊరటగా ఉండేది.

పదో రోజు పొద్దున డాక్టర్ గిట్ట అడుగు చూపించాడు. చీలింది. లోపలి ఎముక కనబడుతోంది.

"ఇగ బతికించుడు అంటే బాధ పెట్టుడే తాయీ" అన్నాడు.

మా ఆయన నా భుజం పట్టుకుని, "నువ్వు బయటికి నడువ్. నేనుంటా" అన్నాడు. "నేనే పంపిన. నేనే ఉంట" అన్నాను.

దాని తల నా ఒళ్ళో పెట్టుకున్నాను. చెవి వెనక, దానికి బాగా ఇష్టమైన చోట, వేళ్ళతో మెల్లగా ఒత్తుతూ ఉన్నాను. కింది పెదవి వదులైంది. కళ్ళు సగం మూసింది. డాక్టర్ సూది పట్టుకుని మెడ దగ్గర కూర్చుంటూ, కొంచెం జరగమని సైగ చేశాడు. జరగబోతూ ఆసరాకి రెండో చెయ్యి చాపాను. వేళ్ళు దాని మోకాలి వెనక తగిలాయి.

తెల్లది కళ్ళు తెరవలేదు. పడుకునే ఆ కాలు మడిచి, గడ్డి మీద నుంచి లేపి, వణుకుతూ నా ఒడి వైపు చాపింది.

"వద్దే, నేనడగలేదే" అన్నాను. డాక్టర్ పని అయ్యేదాకా అది కాలు దించలేదు.