ఊపిరి బిగవట్టు

నారాయణఖేడ్‌లో ఎక్స్‌రేలు తీసే మహిపాల్‌కు మనుషులతో పనిలేదు, ఎముకలుంటే చాలు. వచ్చినవాళ్ల మొహం చూడడు. గడ్డం పట్టి తిప్పి, తల పలకకు ఆనించి, "ఊపిరి బిగవట్టు, కదలకు, మాట్లాడకు" అంటాడు. నొప్పి సంగతి చెప్పబోయేవాళ్లంటే మహా చిరాకు. దవడ కదిలి ఫిల్ము పాడవుతుందట. అలాంటివాడికి మొన్న తగిన పేషెంటే దొరికాడు. మనూర్ దగ్గర పాడుబడ్డ బావిలో బయటపడ్డ పుర్రెను పోలీసులు పట్టుకొచ్చారు. కనిపించకుండా పోయిన బాలప్పదేమోనని అనుమానం. నిరుడు తలనొప్పికని ఇక్కడే తీయించుకున్న అతని ఎక్స్‌రేను, గ్రహణం చూడడానికి పనికొస్తుందని దాచిపెట్టిన భార్య కిష్టవ్వ తెచ్చింది. మహిపాల్ పుర్రెను అదే కోణంలో సర్ది, అలవాటుకొద్దీ "ఊపిరి బిగవట్టు, కదలకు" అన్నాడు. ఇంత బుద్ధిగా మాట విన్నవాళ్లు అతని సర్వీసులో లేరు.

ఫోరెన్సిక్ డాక్టరు రెండు ఫిల్ములూ పక్కపక్కన పెట్టి చూశాడు. నొసటి ఎముకలోని గాలి గదుల అంచులు, వేలిముద్రల్లా, అచ్చంగా కలిశాయి. కిష్టవ్వ ఏడవలేదు. "గీ ఫోటో నువ్వే తీసినవంట గద సారూ. ఏం పరేషాన్ ఉన్నదో ఇంట్ల అడిగితే చెప్పకపోతుండె. నీకేమన్న చెప్పిండా?"

మహిపాల్ పుర్రె వైపు చూశాడు. "చెప్పబోయిండేమో అవ్వా," అన్నాడు. "నేనే మాట్లాడొద్దన్న."