హనుమయ్యన్న ముందు సిడ్నీని ఏమీ అనొద్దు

మా హనుమయ్యన్నని ఎంతైనా తిట్టండి, నవ్వి ఊరుకుంటాడు. సిడ్నీని మాత్రం ఒక్క మాట అన్నారో, ఇక మిమ్మల్ని వదలడు.

నేనూ ఆయనా టైల్స్ పనికి పోతాం. సిడ్నీ శివార్లో, టూంగాబీలో ఒకళ్ళ పెరట్లో కట్టిన గ్రానీ ఫ్లాట్‌లో ఉంటాం. అంటే ఒకటే గది, అందులోనే పొయ్యి. రెంట్ మాత్రం బంగళాకి కట్టినట్టే. పొద్దున్నే బ్లాక్‌టౌన్ స్టేషన్లో ట్రైన్లు ఆగిపోయి అందరూ తిట్టుకుంటుంటే, మా అన్న బెంచీ మీద కాళ్ళు చాపి, "చూశావా తమ్ముడూ, ఊరే మనకి రెస్ట్ ఇచ్చింది" అంటాడు. నా మోకాళ్ళ నొప్పులకి ఆ మాట నిజమే అనిపిస్తది కూడా.

ఇండియాలో, ఊళ్ళో ఉన్న అన్న వాళ్ళత్తకి ఎవరో గ్రానీ అంటే ముసలమ్మ అని చెప్పారంట. అల్లుణ్ణి ముసలాళ్ళ ఆశ్రమంలో చేర్చారనుకుని ఫోన్లో ఒకటే ఏడుపు.

"కాదత్తా, దీనికోసం కుర్రాళ్ళు లైన్లో నిలబడతారిక్కడ."

ఆమె ఇంకా ఏడ్చింది.

అన్న బావమరిది ఉపేంద్ర పెర్త్ నుంచొచ్చాడు. గుమ్మం దగ్గరే ఆగిపోయాడు, లోపల ముగ్గురం పట్టం.

"బావా, ఈ రెంట్‌కి మా కానింగ్ వేల్‌లో పెద్ద ఇల్లొస్తది."

"వస్తది. తలుపు తీస్తే కనపడేది పెర్తే కదా."

"ఇక్కడేం కనపడతది?"

"కిటికీలోంచి చూడు."

చూశాడు. పక్కింటోళ్ళ చెత్త డబ్బా.

"మంచం దిగకుండా పొయ్యి ఆపుకుంటాం. మీ ఇంట్లో అయితే నడవాల్సిందే" అన్నాడు మా అన్న, జాలిగా.

మొన్న ఆదివారం, ముందింట్లో గది తీసుకుని నర్సింగ్ చదివే తన్మయి మెట్ల మీద కూర్చుని ఏడుస్తా ఉంది. ఫోన్లో వాళ్ళ నాన్న భానుప్రసాద్ గారి గొంతు గట్టిగా వినపడతా ఉంది. "ఆ ఊళ్ళో మనుషులు బతకలేరంట. నూడుల్స్ తిని చిక్కిపోయావు. చదువూ వద్దు ఏమీ వద్దు, వచ్చెయ్."

ఇంకొన్ని నెలలాగితే ఆ పిల్ల నర్సయిపోద్ది.

అన్న ఫోన్ అడిగి తీసుకున్నాడు. "నమస్కారం సార్, వెనకింటి హనుమయ్యని. మా సిడ్నీని ఏదో అంటున్నారు."

ఇక మొదలెట్టాడు. గాలి, సముద్రం, ట్రైన్లు, మా చెత్త డబ్బా వ్యూతో సహా. ఆయన తిట్టిన తిట్లన్నీ తనే తిన్నాడు. చివరికి ఆయన మెత్తబడి, "మరి పిల్ల తిండి సంగతేంటండీ?" అన్నాడు.

"మా ఇంట్లోనే సార్, రోజూ."

"సరే. మీరున్నారని ఊరుకుంటున్నా. చదువు పూర్తి చెయ్యమనండి."

ఫోన్ పెట్టాక అడిగా, "ఈ ఊరంటే నిజంగా అంత ఇష్టమా అన్నా?"

"పడుకుంటే కాళ్ళు గోడకి తగుల్తన్నాయి, ఇష్టమేంట్రా. వచ్చినోళ్ళని ఊరెలాగూ భయపెడతది. మనం కూడా దేనికి?"

తన్మయి కళ్ళు తుడుచుకుంది. "అంకుల్, నేనెప్పుడూ మీ ఇంట్లో తినలేదు కదా."

"ఇవాళ్టి నుంచి తింటావ్" అని నా వైపు తిరిగాడు. "చూస్తావేంట్రా, ఇంకో గ్లాసు బియ్యం కడుగు."