రేడియోలో మా మిరప తోట

మా చిన్నప్పుడు... పెద్దవంగర దగ్గర మా ఊరికి ఒకరోజు జీపు వచ్చింది. అందులో రేడియో వాళ్లు, వాళ్లతో పాటు పంటల రోగాలు చూసే సైంటిస్టు సారు. రైతులతో మాట్లాడించి, ఆ మాటలు రేడియోలో వినిపించి, ఏం చేయాలో చెప్పడం ఆయన పని.

సరాసరి మా మిరప తోటకే వచ్చారు... నేను గట్టు మీదే ఆగిపోయాను. ఆకులు ముడుచుకుపోయి తోటకు బొబ్బర రోగం పట్టింది మరి. పంటకు రోగమొస్తే బయట అనడం మాకు నామోషీ. బాపు, అంటే మా నాన్న, ఎవరికీ చెప్పలేదు. తోట పోతే ఆ ఏడు ఏం తింటామోనని నాకు ఒకటే బెంగ...

సారు మైకు బాపు ముందు పెట్టి, తోట ఎట్లా ఉందని అడిగాడు.

"మంచిగున్నది సారూ. ఏ రోగం లేదు!"

వెనకేమో ముడుచుకున్న మొక్కలు... సారు నవ్వలేదు. రికార్డు చేసే మిషను ఆపించాడు.

"రేడియో వినేవాళ్లకు మొక్కలు కనపడవు పెద్దమనిషీ. మీ మాటే నమ్ముతారు. రోగం దాస్తే మందు నేనెట్లా చెప్పాలి?"

"వద్దయ్యా... ఊరంత ఇంటది, ఇజ్జత్ పోతది" అని అవ్వ గొణిగింది. మేం అమ్మను అవ్వ అనే పిలుస్తాం.

బాపు తువ్వాలతో మొహం తుడుచుకుని తోట వైపు చూశాడు. "మైకు మల్ల పెట్టుండ్రి సారూ" అన్నాడు.

ఆ వారమే ఒక సాయంత్రం పంచాయతీ రేడియో ముందు ఊరంతా కూర్చుంది. "మా తోటకు బొబ్బరొచ్చింది. ఏం జెయ్యాల్నో సమజైతలేదు..." బాపు గొంతే! అవ్వ కొంగు మొహానికి కప్పుకుంది. వెంటనే సారు గొంతు... రోగం తగిలిన మొక్కలు పీకి కాల్చాలట, ఊరంతా ఒక్కసారే చేయాలట. ఒక్కరు దాచినా మళ్లీ అందరికీ అంటుకుంటుందట.

అంతలో పక్క చేను మల్లయ్య మామ లేచాడు.

"ఓ బావా... నా తోట్ల గూడ గదే!"

"నువ్వు ముందు జెప్తవేమోనని నేను జూస్తున్న" అని వెనక నుంచి ఇంకొకాయన. ఒకటే నవ్వులు...

తెల్లారి ఊరంతా తోటల్లోనే. ఎక్కడ చూసినా పొగ. మాకు సగం తోట దక్కింది.

ఇప్పుడు టీవీలో, ఫోన్లో ఎందరో సార్లు చెప్తున్నారు. మా కొడుకు కూడా మిర్చే వేశాడు. "తోట ఎట్లుంది బిడ్డా?" అంటే, "మంచిగున్నదే అవ్వా" అని ఫోన్ పెట్టేస్తాడు... ఆ మాట వింటేనే నాకు భయం.

మీ తోట ఎట్లుంది? మంచిగ లేకున్నా సరే... కింద రాయండి.