అమ్మ ముఖం చెదరని జాంబీ

2023 వేసవి. గాజువాక దగ్గర ఆటోనగర్‌లో ఖాళీగా పడున్న ఒక రేకుల షెడ్డు. సినిమాల్లో నాది ప్రాస్థెటిక్ మేకప్ పని. గాయాలు, ముడతలు, కుళ్లిన చర్మం రబ్బరుతో పోతపోసి నటుల ముఖాలకు అతికిస్తాను. ఎన్నో ఏళ్లుగా దెయ్యాల్నీ శవాల్నీ తయారు చేస్తున్నా, జాంబీ సినిమా చేయడం అదే మొదలు.

దర్శకుడు ఇమ్రాన్‌కూ అది మొదటి సినిమాయే. వాళ్లది వన్‌టౌన్‌లో అత్తరు కొట్టు నడిపే కుటుంబం. అతని కథలో, రేవుకొచ్చిన ఓడలోంచి ఒక జబ్బు ఊళ్లోకి పాకుతుంది. కాటు పడినవాళ్లు చచ్చి, మళ్లీ లేచి నడుస్తారు. చివర్లో, షెడ్డులో దాక్కున్న కూతుర్ని జాంబీ అయిపోయిన తల్లి వెతుక్కుంటూ వస్తుంది. సినిమా అంతా ఆ సీన్ మీదే నిలబడాలి. మర్నాడు షెడ్డులోకి యంత్రాలు దిగుతాయి కాబట్టి మాకున్నది ఆ ఒక్కరోజే.

తల్లి వేషానికి హైదరాబాద్ నుంచి వచ్చినావిడకు పొద్దున్నే ప్యాచ్ టెస్ట్ చేశాను. ముఖానికి వాడే జిగురు, రబ్బరు ముందు మోచేతి మడతలో కొంచెం రాసి చూస్తాం. కాసేపటికే అక్కడ ఎర్రగా దద్దురు లేచింది.

"పల్చగా పెట్టి లాగించేద్దాం అక్కా, ఈ ఒక్క షాటే" అన్నాడు ఇమ్రాన్.

"చేతి మీదే ఇలా ఉంటే ముఖం వాచిపోతుంది, ఊపిరాడకపోయినా పోవచ్చు. నేను పెట్టను" అన్నాను.

అతను గోడకు ఆనుకుని కూలబడ్డాడు. అప్పుడే మా యూనిట్‌కు భోజనాలు వండి తెచ్చే నూకరత్నం గిన్నెలు దించుతోంది. జాలరి ఇళ్లావిడ, యాభై దాటిన మనిషి. మొదటి రోజు నుంచీ జాంబీల గుంపులో ఒక మూల నిలబెట్టమని అడుగుతూనే ఉంది.

"ఏటి బాబూ, అలా కూకుండిపోనావు? ఆ ఏసం నాకేసీండి. నాను సేత్తాను" అంది.

ఇమ్రాన్ నావైపు చూశాడు. ఆమెకూ ప్యాచ్ టెస్ట్ చేశాను. చర్మానికేం కాలేదు. కానీ నేను పోతపోసిన ముఖం ఇంకొకరి కొలతలది. పెట్టి చూస్తే బుగ్గల దగ్గర లేచిపోతోంది, నోరు తెరిస్తే అంచులు ఊడుతున్నాయి. కొత్తది చేసే వ్యవధి లేదు. వారాల తరబడి చెక్కిన ఆ ముఖాన్ని డబ్బాలో పెట్టి మూత వేశాను.

తిరిగి చూస్తే నూకరత్నం కుర్చీలో బుద్ధిగా కూర్చుని ఉంది. ఎండకు కమిలిన బుగ్గలు, నవ్వకపోయినా నవ్వుతున్నట్టుండే కళ్లు. ఈ ముఖాన్ని మూసేయకూడదనిపించింది. మెడ మీద ఒక్క రబ్బరు కాటు గాయం అతికించాను. చెమటకు కరగని రంగుతో పెదాల్లో, గోళ్లలో నెత్తురు ఇంకిపోయినట్టు నీలం దించాను. కణతల దగ్గర సన్నటి నరాలు గీశాను. కళ్ల జోలికి వెళ్లలేదు.

ఇమ్రాన్ వచ్చి చూసి తల అడ్డంగా ఊపాడు. "జాంబీలా లేదక్కా. అమ్మలాగే ఉంది."

"చూసేవాళ్లకు భయం పుట్టేది అక్కడే. ఒక్క టేక్ తీసి చూడు."

నూకరత్నం నా కొంగు పట్టుకుంది. "ఆ పిల్ల నా కూతురే గదా? మరి నానెందుకెల్తన్నాను తల్లీ, కొరకడానికా, ఎతకడానికా?"

"రెండూ, పిన్నీ. ఏది ముందో నీకే తెలీదు."

"అలగా" అని లేచింది.

కెమెరా తిరిగింది. నూకరత్నం కాలు ఈడ్చుకుంటూ, సీన్ కోసం పేర్చిన డ్రమ్ముల మధ్యకు వచ్చింది. కూతురి వేషంలో ఉన్న అమ్మాయిని చూసి ఆగింది. ముందుకు వంగి, ఆ పిల్ల జుట్టు వాసన చూసింది. నీలం గోళ్ల చేత్తో చెదిరిన పాయను చెవి వెనక్కి దోపింది. తర్వాత నోరు తెరిచింది. ఆ అమ్మాయి పెట్టిన కేక స్క్రిప్టులో ఉన్నది కాదు. ఎన్నో శవాలు చేసిన నా చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. ఇమ్రాన్ కట్ చెప్పడం కూడా మర్చిపోయాడు.

మరుసటి ఏడాది గాజువాకలో మా సినిమా విడుదలైంది. మ్యాటినీకి నూకరత్నం తన వాడ వాళ్లందరినీ వెంటేసుకొచ్చింది. ఉక్కునగరం ఫ్యాక్టరీలో పొద్దుటి షిఫ్టు దిగి తిన్నగా వచ్చినవాళ్లు వెనక వరుసల్లో ఈలలేస్తున్నారు. జాంబీల గుంపు పరిగెత్తినంతసేపూ ఒకటే కేకలు. షెడ్డు సీన్ రాగానే హాలంతా చప్పబడింది. తల్లి చెయ్యి కూతురి చెవి దగ్గరికి వెళ్లింది. "వద్దే, పారిపో!" అని ఎవరో ఆడమనిషి గొంతు. ఆమె నోరు తెరిచేసరికి హాలు మొత్తం ఒక్కపెట్టున అరిచింది. నా ముందున్న లావుపాటి ఆయన పక్కాయన ఒళ్లోకే ఎక్కేశాడు. ఆ వెంటనే చప్పట్లు, ఆగకుండా.

బయటికి వచ్చేసరికి నూకరత్నం చుట్టూ జనం. "బావా, ఈవిడే రా! రా, ఫొటో దిగుదాం!" అంటూ ఒక కుర్రాడు పక్కవాణ్ని లాగుతున్నాడు. ఆవిడ జడలో పూలు సర్దుకుని, నన్ను చూసి గట్టిగా పిలిచింది: "తల్లీ, నన్ను సూసి జడుసుకున్నారే అందరూ!" ఇమ్రాన్ ఆమె రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకున్నాడు.

హారర్ అంటే చెవి కోసుకునేవాళ్లు ఇప్పుడు నన్ను ఏ జాంబీ సినిమా చూడమంటావని అడుగుతుంటారు. ఎంత నెత్తురు పారిందో లెక్క చూడకండి అంటాను. వెంటబడే గుంపులో ఒక్కరైనా ఎవరికో అమ్మో, అన్నో, మొగుడో అయి ఉండాలి. పారిపోవాలో, దగ్గరికి వెళ్లాలో తేలని ఆ ఒక్క క్షణం ఉన్న సినిమాకు వెళ్లండి, కుర్చీ అంచునే కూర్చుంటారు. ఇక నా పని విషయానికొస్తే, ముఖాన్ని ఎంతైనా మార్చడం నాకు ముందే వచ్చు. ఎక్కడ చెయ్యి ఆపాలో ఆ షెడ్డులో తెలిసొచ్చింది.